ఇల్లంతటికీ ఒకే ప్లైవుడ్ వద్దు

గుంటూరులో కొత్తగా తీసుకున్న ఫ్లాటుకి వంటగది, మూడు వార్డ్‌రోబ్‌లు, రెండు మంచాలు, ఒక టీవీ యూనిట్ చేయించాలని మీరు రాశారు. షాపాయన ఇల్లంతా మెరైన్ ప్లై వేయించుకోమన్నాడని, కార్పెంటరేమో కమర్షియల్ చాలు, డబ్బు దండగ అన్నాడని, ఎవరి మాట వినాలో తేలట్లేదని అడిగారు. నేను విజయవాడలో ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని చేయిస్తున్నాను. నా జవాబు ఇదీ: ఇద్దరి మాటా సగం సగమే వినండి. ఇల్లంతటికీ ఒకటే రకం అన్న దగ్గరే తప్పు మొదలవుతుంది. ఏ చెక్క ఎక్కడ కూర్చుంటుందో చూడాలి. అక్కడ తడి తగులుతుందా, బరువు పడుతుందా, లేక పొడుగ్గా నిలబడి వంకర పోకుండా ఉండాలా? ఈ మూడిట్లో ఏది ముఖ్యమో తేలితే షీటు రకం దానంతటదే తేలిపోతుంది.

ముందు పేర్ల గందరగోళం తీర్చుకుందాం. షాపుల్లో కమర్షియల్ అనేది ఎంఆర్ గ్రేడు, అంటే గాలిలో తేమని తట్టుకునేది. దాని మీద బీడబ్ల్యూఆర్, మరిగే నీళ్ళని కొంతసేపు ఓర్చుకునేది. ఈ రెండిటి పేర్లూ ఐఎస్ 303 అనే భారత ప్రమాణం కింద వింటాం. ఆ పైది మెరైన్, ఐఎస్ 710. మన షాపుల్లో అందరూ ‘సెవెన్ టెన్’ అనేది దాన్నే. వీటి మధ్య అసలు తేడా జిగురులో ఉంది. ఎంఆర్‌లో మామూలుగా యూరియా జిగురు వాడతారు, పై రెండిట్లో ఫినాల్ జిగురు. ఎంఆర్ ముక్కని 60 డిగ్రీల వేడినీళ్ళలో 3 గంటలు ఉంచి పరీక్షిస్తారు. బీడబ్ల్యూఆర్‌ని 8 గంటలు మరిగించి, ఆరబెట్టి, మళ్ళీ మరిగిస్తారు. సెవెన్ టెన్‌ని ఏకంగా 72 గంటలు మరిగిస్తారు. ఈ మూడు అంకెలూ గుర్తుంటే షాపులో ఎవరైనా ఎంఆర్ షీటు చూపించి ‘ఇది కూడా వాటర్‌ప్రూఫేనండీ’ అన్నప్పుడు ఏం సమాధానం చెప్పాలో మీకే తెలుస్తుంది.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఈ పరీక్షలు ముఖ్యంగా చూసేది పొరలు విడిపోతాయా లేదా అని. పొర విడకపోయినా లోపలి చెక్క నీళ్ళు తాగుతుంది, ఉబ్బుతుంది, రోజుల తరబడి తడిలో ఉంటే కుళ్ళుతుంది కూడా. సెవెన్ టెన్ వేయించాను కదా అని సింకు కింద పైపు కారుతున్నా పట్టించుకోని వాళ్ళని చూశాను.

దీని గురించి నేను బాగా నేర్చుకున్నది 2024 సెప్టెంబరులో. బుడమేరు నీళ్ళు సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్ళలోకి వచ్చి కొన్ని వీధుల్లో రోజుల తరబడి నిలిచిపోయాయి. నీళ్ళు తీశాక నేను పని చేసిన ఇళ్ళకీ వెళ్ళాను, పిలిచిన కొత్త ఇళ్ళకీ వెళ్ళాను. చెక్కపొట్టు జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు వార్డ్‌రోబ్‌లు తడిసిన అటుకుల్లా అయిపోయి, పట్టుకుంటే చేతికి ఊడి వచ్చాయి. సన్నటి చెక్క నారని అదిమి చేసే ఎండీఎఫ్ తలుపులు అడుగున రెట్టింపు లావెక్కాయి. కమర్షియల్ ప్లై పెట్టెలు, అంటే తలుపులు కాక మిగిలిన అరల చట్రాలు, పుస్తకం పేజీల్లా విచ్చుకున్నాయి. నికార్సయిన బీడబ్ల్యూఆర్, సెవెన్ టెన్ వేసిన చోట పెట్టె నిలబడింది గానీ, అంచులకి ఏమీ పూయకుండా వదిలేసిన చోటల్లా నీళ్ళు అక్కడి నుంచే ఎక్కి, పైన అతికించిన మైకా రేకు లేచిపోయింది. అన్నిటికంటే తక్కువ నష్టపోయింది ఎవరో తెలుసా? పాత పద్ధతిలో కడప బండలతో వంటగట్టు కింద అరలు కట్టించుకుని, ముందు తలుపులు మాత్రం చెక్కతో పెట్టించుకున్న వాళ్ళు. బురద కడిగేశారు, తలుపులు మార్చుకున్నారు, వంటగది మళ్ళీ మొదలైంది. ఆ ఇళ్ళు చూసి వచ్చాక నేను వంటగది పని ఒప్పుకునే పద్ధతే మార్చుకున్నాను.

మీ ఫ్లాటు పై అంతస్తులో ఉందని రాశారు కాబట్టి వరద భయం లేదు. మీకు నీళ్ళు వచ్చే దారులు వేరు. సింకు పైపు, ఇల్లు తుడిచే తడిగుడ్డ, బాత్రూమ్‌కీ పడకగదికీ మధ్య ఉన్న గోడ. ఈ మూడూ కనిపెట్టుకుంటే చాలు.

వంటగదితో మొదలుపెడదాం. సింకు ఉన్న అరకి చెక్క పెట్టె వద్దు. రెండు పక్కలా కడప బండ గానీ గ్రానైట్ గానీ నిలబెట్టించండి, అడుగు కూడా రాయే. మిగతా కింది అరలు రాతితో కుదిరితే మేలు. మాడ్యులర్ డ్రాయర్లు కావాలంటే మాత్రం సెవెన్ టెన్ గానీ నమ్మకమైన బీడబ్ల్యూఆర్ గానీ వేయించండి. పెట్టెలు నేల మీద నేరుగా కూర్చోకుండా నాలుగంగుళాల పీవీసీ కాళ్ళ మీద నిలబెట్టించి ముందు స్కర్టింగ్ పట్టీ పెట్టించండి. తుడిచిన నీళ్ళు చెక్కకి తగలవు, చెదలు వస్తే కనపడతాయి. గట్టు పైన ఉండే అరలకి సెవెన్ టెన్ అక్కర్లేదు. అక్కడికి నీళ్ళు ఎక్కవు, పొయ్యి ఆవిరి మాత్రం తగులుతుంది. బీడబ్ల్యూఆర్ సరిపోతుంది. షాపాయన చెప్పినదాంట్లో ఒప్పుకోవలసిన సగం ఈ వంటగది కింది భాగమే.

పడకగదుల దగ్గర మీ కార్పెంటర్ మాట నిజం. వార్డ్‌రోబ్ పెట్టెకి మంచి ఎంఆర్ ప్లై చాలు, అది ఐఎస్ఐ ముద్ర ఉన్న అసలు సరుకైతే. ఒక్క మినహాయింపు ఉంది. బాత్రూమ్ గోడకి ఆనుకుని వచ్చే వార్డ్‌రోబ్‌కి మొత్తం బీడబ్ల్యూఆర్ వేయండి. వెనక చెక్క గోడకి అంటకుండా అరంగుళం ఎడం ఉంచమనండి. కొత్త ఫ్లాటు గోడల్లో తడి ఆరడానికి చాలా కాలం పడుతుంది. వానాకాలంలో ఆ వార్డ్‌రోబ్ తెరిస్తే ముక్కిన వాసన వచ్చిందంటే చెక్క వెనక బూజు పట్టిందని అర్థం. వెనక వైపు చెక్కకి కూడా ప్రైమర్ ఒక కోటు కొట్టించండి. కనపడని వైపు కదా అని అందరూ వదిలేసేది అదే.

ఇప్పుడు తలుపుల సంగతి. జనం ఎక్కువగా ఫోన్ చేసేది వీటి గురించే. ‘వార్డ్‌రోబ్ తలుపు పడట్లేదండీ, పైన ఆనుతోంది, కింద తెరుచుకుని ఉంటోంది’ అంటారు. గుంటూరు, విజయవాడ ఎండలు మీకు తెలియనివి కావు. రోహిణీ కార్తెలో గది కొలిమిలా ఉంటుంది, రాత్రి ఏసీ వేస్తే ఒక్కసారిగా పొడిబారుతుంది, నెల తిరక్కుండా వానలు వచ్చి గాలి నిండా తేమ. చెక్క ఈ మూడిటికీ కదులుతుంది. ఏడడుగుల పొడుగు తలుపు ప్లైతో చేస్తే విల్లులా వంగడానికి అవకాశం ఎక్కువ. అందుకే పొడుగు తలుపులకి నేను 19 ఎంఎం పైన్ బ్లాక్‌బోర్డే వాడతాను. లోపల పైన్ చెక్క పట్టీలు పక్కపక్కన పేర్చి, రెండు వైపులా పొరలు అతికించి చేస్తారు. తేలిగ్గా ఉంటుంది, పొడుగులో తిన్నగా నిలబడుతుంది. కొనేటప్పుడు అంచు వైపు నుంచి చూడండి, పట్టీకీ పట్టీకీ మధ్య సందులు కనపడితే వదిలేయండి. ఆ సందులో స్క్రూ పడిందంటే పట్టు ఉండదు. మూడడుగుల లోపు చిన్న తలుపులకి ప్లై పెట్టుకోవచ్చు, అంత తేడా రాదు.

బ్లాక్‌బోర్డు పెట్టినా తలుపు వంకర పోయిందంటే నూటికి తొంభై పాళ్ళు ఒకటే కారణం: బయటివైపు 1 ఎంఎం మైకా అతికించి, లోపలివైపు ఖాళీగా వదిలేయడమో, పల్చటి కాగితం లాంటిది అతికించడమో. బయటి మైకా ఒక వైపు నుంచి చెక్కని బిగబడుతుంది, రెండోవైపు దానికి ఎదురు లేదు. లోపలికి కూడా 0.8 ఎంఎం మైకా తగ్గకుండా అతికించండి. ఖర్చు తగ్గించుకోవాలంటే లోపలి రంగు, డిజైన్ చవకది తీసుకోండి, మందం మాత్రం తగ్గించకండి. ఏడడుగుల తలుపుకి నాలుగు కీళ్ళు పెట్టించండి. కార్పెంటర్ మూడు చాలంటే ఒప్పుకోకండి. తలుపు లోపలివైపు గుండ్రటి గుంటలో కూర్చునే కప్పు కీలుకి గుంట 35 ఎంఎం వెడల్పు, 12 ఎంఎం దాకా లోతు తవ్వుతారు, అందుకే 16 ఎంఎం కంటే పల్చని చెక్క తలుపుకి పనికిరాదు.

మంచాలకి ఎక్కువ చెప్పేది లేదు. పెట్టెకి 18 ఎంఎం ఎంఆర్ ప్లై, పరుపు కింద 12 ఎంఎం, దాని కింద అడుగున్నరకో అడ్డపట్టీ. టీవీ యూనిట్ బరువు మోసేది కాదు, అక్కడ ఎండీఎఫ్ వేసినా నాకు అభ్యంతరం లేదు. నేలకి మాత్రం తగలకూడదు.

అసలు కష్టం రకం నిర్ణయించుకున్నాక మొదలవుతుంది. ముద్ర ఒకటి, లోపల సరుకు ఒకటి ఉండొచ్చు. షాపులో షీటుని పై మొహం చూసి మురిసిపోతారు. పై పొర అర మిల్లీమీటర్ కూడా ఉండదు, దాన్ని చూసి ఏమీ తెలియదు. అంచు చూడాలి. షీటుని నిలబెట్టించి, ఫోన్ లైటు వేసి, నాలుగు అంచులూ నెమ్మదిగా చూడండి. పొరలన్నీ ఒకే మందంలో, గీత గీసినట్టు తిన్నగా నడుస్తున్నాయా? ఒకచోట పొర తెగిపోయి సందు కనిపిస్తోందా? ఒక పొర మీద ఇంకో పొర ఎక్కి గుట్టలా ఉందా? సందు ఉన్నచోట రంపం వెళితే ముక్క విరుగుతుంది, గుట్ట ఉన్నచోట మైకా అతికించాక గాజులా మెరిసే తలుపు మీద అల కనిపిస్తుంది. అంచులకి ఎర్రరంగో, మైనమో దట్టంగా పూసి ఉంటే ఒక మూల గోకి చూపించమనండి. నచ్చనప్పుడు షాపు వాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. 19 ఎంఎం షీటులో 11 నుంచి 13 పొరలు ఉంటే మంచిది. 9 లావుపాటి పొరలతో అదే మందం తెచ్చిన షీటు ఎక్కువ కదులుతుంది.

తర్వాత పిడికిలి వేళ్ళతో షీటంతా తట్టుకుంటూ వెళ్ళండి. గట్టి చోట ‘టక్’ అంటుంది, లోపల ఖాళీ ఉన్నచోట డొల్ల శబ్దం వస్తుంది. కొబ్బరికాయ వేలితో కొట్టి చూసే చెవి మనందరికీ ఉంది, ఆ చెవే ఇక్కడ పనికొస్తుంది.

మందం కొలవండి. ఇది మాత్రం దయచేసి వదలొద్దు. 18 ఎంఎం అని బిల్లు వేసిన షీటు కొలిస్తే 16న్నర వచ్చిన సందర్భాలు నాకు చాలానే ఉన్నాయి. చిన్న వెర్నియర్ కాలిపర్ కొనుక్కోండి, నాలుగు మూలలూ, పొడుగు మధ్యలో రెండు చోట్లా కొలవండి. మూలకీ మూలకీ మిల్లీమీటర్ తేడా ఉన్నా పెట్టె బిగించేటప్పుడు అతుకుల దగ్గర మెట్టు వస్తుంది. అంచులకి మెషీన్‌తో ఎడ్జ్ బ్యాండ్ పట్టీ అతికించే ఉద్దేశం ఉంటే కాలిబ్రేటెడ్ ప్లై అడగండి, అందులో మందం అంతటా సమంగా ఉంటుంది.

బరువు కూడా ఒక లెక్క. 8 బై 4 అడుగుల షీటు, 18 ఎంఎం, గట్టి చెక్కతో చేసింది 35 నుంచి 40 కిలోలు తూగుతుంది. పోప్లార్ లాంటి మెత్తని చెక్కతో చేసింది 30 లోపే ఉంటుంది. పోప్లార్ ఎక్కువగా హర్యానాలోని యమునానగర్ వైపు నుంచి, రబ్బరు చెక్క లాంటివి కేరళలోని పెరుంబావూరు వైపు నుంచి వస్తాయి. మన జామాయిల్ కూడా ప్లై లోపల బాగానే వాడతారు, అది గట్టి చెక్క. అయితే బరువొక్కటే చూసి మోసపోవద్దు. ఆరని షీటు కూడా బరువుగానే ఉంటుంది. చెయ్యి పెడితే చల్లగా, చెమ్మగా తగిలే షీటు తీసుకోకండి, అది మీ ఇంట్లో ఆరుతూ వంకర తిరుగుతుంది.

‘పూర్తిగా బర్మా గర్జన్ సార్’ అనే మాట మీరు కచ్చితంగా వింటారు. గర్జన్ మంచి చెక్క, అందులో సందేహం లేదు. కానీ బర్మా 2014లోనే దుంగల ఎగుమతి ఆపేసింది. ఇప్పుడు ఎక్కువ షీట్లలో గర్జన్ పై పొర మాత్రమే. పైన ఎర్రగా కనిపించినంత మాత్రాన లోపల అదే ఉందనుకోకండి. పై పొర కిందున్న రెండో పొర ఏ రంగులో ఉందో అంచు దగ్గర చూడండి. జిగురు గీత కూడా అక్కడే కనపడుతుంది. ఫినాల్ జిగురు ముదురు గోధుమరంగు లేదా నల్లటి గీతలా ఉంటుంది. సెవెన్ టెన్ అని ఇచ్చి, జిగురు గీత తెల్లగా, కనపడీ కనపడనట్టు ఉంటే నేనైతే తిరిగి ఇచ్చేస్తాను.

ఐఎస్ఐ ముద్ర కింద సీఎం బై ఎల్ అని ఒక లైసెన్సు నంబరు ఉంటుంది. ఆ ముద్ర ఇచ్చే బీఐఎస్ సంస్థ వాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ కంపెనీదో, ఏ సరుకుకి ఇచ్చారో, ఇంకా చెల్లుతోందో లేదో వస్తుంది. షాపులో నిలబడి రెండు నిమిషాల్లో అయ్యే పని. షీటు మీద ఐఎస్ 303 అని ఉండి, నోటితో మెరైన్ అంటే మాత్రం నోటి మాట నమ్మొద్దు, ముద్రలో ఉన్నదే నిజం. అది కూడా తృప్తి ఇవ్వకపోతే ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటుంది. షాపులో రెండంగుళాల ముక్క అడిగి తెచ్చుకోండి, ఇస్తారు. వంటకి వాడని పాత గిన్నెలో నీళ్ళు పోసి, ముక్క పైకి తేలకుండా ఒక రాయి పెట్టి, కిటికీ తెరిచి పెట్టి మరిగించండి. ఆదివారం పొద్దున మొదలుపెట్టి నాలుగైదు గంటలు చాలు. ఎంఆర్ ముక్క పొరలు పొరలుగా విడిపోతుంది. బీడబ్ల్యూఆర్, సెవెన్ టెన్ ముక్కల్లో చాకు మొన కూడా దూరకూడదు. నేను కొత్త షాపు దగ్గర సరుకు తీసుకునే ప్రతిసారీ ఇది చేస్తాను. ఒకసారి మూడు ముక్కలు మరిగిస్తే, ఖరీదైనదే ముందు విచ్చుకుంది.

వాసన గురించి కూడా చెప్పాలి, మీ ఇంట్లో చిన్నపిల్ల ఉందని రాశారు కాబట్టి. కొత్త ప్లై తెరిస్తే కళ్ళు మండే ఘాటు ఒకటి వస్తుంది, అది జిగురులోని ఫార్మాల్డిహైడ్. పిల్ల పడుకునే గదికి ఈ1 లేదా ఈ0 అని రాసిన షీట్లు, అంటే ఆ ఫార్మాల్డిహైడ్ తక్కువగా వదిలేవి తీసుకోండి. పని అయిపోయాక కనీసం మూడు వారాలు తలుపులు, డ్రాయర్లు, కిటికీలు తెరిచి ఉంచి ఆ తర్వాతే గదిలోకి మారండి. లోపలి అంచులన్నీ మూసేసి ఉంటే వాసన ఇంకా తగ్గుతుంది.

కొలతల దగ్గర డబ్బు ఎలా పోతుందో చూడండి. ప్లై ధర చదరపు అడుగుకి చెప్తారు. 8 బై 4 షీటంటే 32 చదరపు అడుగులు. అడుగుకి పది రూపాయలు తేడా వస్తే షీటుకి 320, మీకు పట్టే సుమారు 30 షీట్లకి 9,600. అందుకే పడకగదుల్లో సెవెన్ టెన్ వద్దంటున్నాను. ఆ మిగిలిన డబ్బు మంచి కీళ్ళకీ, డ్రాయర్ చానెళ్ళకీ పెట్టండి, రోజూ మీ చేతికి తగిలేవి అవి. షీట్లు కొనకముందే కార్పెంటర్‌తో కూర్చుని కాగితం మీద కోత గీయించండి. నాలుగడుగుల వెడల్పులో రెండు 24 అంగుళాల ముక్కలు రావు, రంపం మందం తినేస్తుంది. వార్డ్‌రోబ్ లోతు 23 ముప్పావు పెట్టుకుంటే ఒక షీటుకి రెండు పక్కలు సరిగ్గా వస్తాయి, 24 అని పట్టుబడితే ప్రతి షీటులో సగం ముక్క వృథా. తలుపులు ఏడడుగులైతే 7 బై 4 షీట్లు తీసుకోండి. అరల విషయంలో, షీటు పై చార ఎటు నడుస్తోందో అటే అర పొడుగు ఉండేలా కోయించండి. అడ్డంగా కోస్తే పుస్తకాలు పెట్టిన అర కుంగుతుంది. 18 ఎంఎం అర మూడడుగులు దాటితే మధ్యలో నిలువు చెక్క పెట్టించాల్సిందే.

కమీషన్ సంగతి దాచకుండా చెప్తున్నాను. షాపు నుంచి కార్పెంటర్‌కి ఎంతో కొంత ముట్టడం మా లైన్లో ఉన్నదే. దాని మీద గొడవపడకండి. కూలి కొంచెం ఎక్కువ ఇస్తాను, సరుకు నేను చూసి కొంటాను అని మొదటే చెప్పేయండి. మంచి పనివాడు ఒప్పుకుంటాడు, వాడికీ గౌరవంగా ఉంటుంది.

సరుకు ఇంటికి వచ్చిన రోజు మీరే ఉండండి. షాపులో మీరు చూసి ఒప్పుకున్న షీట్ల మీద అంచున మార్కర్‌తో మీ గుర్తు పెట్టి ఫోటో తీసుకోండి, దిగేటప్పుడు ఆ గుర్తులు సరిపోయాయో లేదో చూడండి. బిల్లు మీద గ్రేడు, మందం, ఐఎస్ నంబరు రాయించకుండా డబ్బు కట్టొద్దు. రేపు తేడా వస్తే మీ చేతిలో ఉండేది ఆ కాగితమే. షీట్లు గోడకి ఆనించి నిలబెడితే వారంలోనే నడుము వంగుతాయి. నేల మీద మూడు పట్టీలు వేసి, వాటి మీద పడుకోబెట్టి పేర్చించండి. బాల్కనీలో మాత్రం అస్సలు వద్దు. కోసిన ప్రతి అంచుకీ, కీలు గుంటలకీ, పైపు కోసం తొలిచిన రంధ్రాలకీ బిగించకముందే ప్రైమరో ఫెవికాలో పూయించండి. బిగించాక ఆ అంచులకి చెయ్యి పోదు.

బాత్రూమ్ గోడలు ఏ వార్డ్‌రోబ్‌ల వెనక వస్తున్నాయో, గదుల ఎత్తు ఎంతో రాయండి. ఏ రకం షీట్లు ఎన్ని పడతాయో లెక్క వేసి పంపుతాను.